సెట్టు బాగానే ఉంది

ఉదయం ఆరూ పదికి అన్నయ్య రేడియో పెట్టాడు. రోజూ పెట్టే వేళే. కువైట్‌లో ఫర్వానియా పేటలో మాది మూడో అంతస్తు వాటా. పళ్ళు తోముకుని, తువ్వాలు భుజాన వేసుకుని, వెనక బాల్కనీలో నిలబడి, ఇటుకంత ఉండే ఆ నల్ల రేడియో ఏరియల్ పైకి లాగి మీట తిప్పేవాడు. అందులో పాటలు రావు, వార్తలు రావు. విమానాల వాళ్ళు, విమానాశ్రయం వాళ్ళు మాట్లాడుకునే మాటలే వస్తాయి. వాటిలో ఒక చోట విమానాశ్రయం వాళ్ళు రికార్డు చేసి వదిలిన వాతావరణం ఆగకుండా వస్తూనే ఉంటుంది. గాలి ఎటునుంచి వీస్తోంది, ఎంత వేగం, ఎంత దూరం కనపడుతోంది, వేడి ఎంత. దిగబోయే ప్రతి పైలటూ ముందు అది వినాలి. అన్నయ్యకు దిగే పని లేకపోయినా విని, వంటింట్లో ఉన్న మాకు తెలుగులో చెప్పేవాడు. "వాయవ్యం గాలి. దుమ్ము. మూడు కిలోమీటర్లు మించి కనపడదు." వదిన పెసరట్టు తిరగేస్తూ, "స్టవ్వు కనపడుతోంది, నాకది చాలండి" అనేది. 1990 ఆగస్టు మొదట్లో ఆ గురువారం మాత్రం బాల్కనీ నుంచి ఏ మాటా రాలేదు. రేడియోలో సుయ్‌మని హోరు తప్ప ఏమీ లేదు. దూరంగా దబ్బుదబ్బుమని చప్పుళ్ళు వినపడుతున్నాయి గానీ, సబ్హాన్ వైపు ఏవో కొత్త గోదాములు కడుతున్నారు కదా, పునాదుల పని కాబోలు అనుకున్నాం.

ఇది ఇప్పుడు రాయడానికి కారణం, అన్నయ్య పెద్దకర్మ అయిన మర్నాడు మా మేనకోడలు బీరువా సర్దుతూ ఆ రేడియో తీసి నా చేతిలో పెట్టడం. "అత్తా, దీన్నేం చెయ్యమంటావు? స్పీకరు దగ్గర ఏదో నీచు వాసన" అని ముక్కు చిట్లించింది. ఆ వాసన సంగతి నాకు తెలుసు. పోయినవాళ్ళ గురించి రాయడం నాకు చేతకాదు. మంచి చెబితే సంతాపసభలో మాట్లాడినట్టు ఉంటుంది. అందుకని అన్నయ్య మంచితనం జోలికి పోను. లోపం ఎలా వెతికేవాడో చెబుతాను. ఆయన బతుకులో ఎక్కువ భాగం ఆ పనే.

సబ్హాన్‌లో ఒక ఈజిప్టు ఆయన వర్క్‌షాపులో అన్నయ్య రేడియో మెకానిక్కు. పడవల రేడియోలూ, చిన్న విమానాల రేడియోలూ బాగుచేసేవాళ్ళు. ఇద్దరో నలుగురో పట్టే చిన్న విమానాలు సరదాకి నడుపుకునే డబ్బున్నవాళ్ళు అక్కడ కొంతమంది ఉండేవారు. వాళ్ళలో ఒక పళ్ళ డాక్టరు ఆ వేసవంతా అన్నయ్యను పీల్చి పిప్పి చేశాడు. ఊరికి దూరంగా ఎగిరితే ఆయన విమానంలో వాతావరణం వినపడదు, గరగరలే. సెట్టు ఊడదీసి వర్క్‌షాపుకు తెస్తే గంటలా వినపడుతుంది. "సెట్టు బాగానే ఉంది డాక్టర్" అని అన్నయ్య సంతోషంగా తిరిగి బిగించి పంపేవాడు. వారం తిరక్కుండా ఆయన మళ్ళీ వచ్చేవాడు. హెడ్‌ఫోన్లు మార్చారు, గొంతు తగ్గించే మీట చూశారు, ఇంజను నిప్పురవ్వల వల్ల వచ్చే గరగరేమోనని అదీ చూశారు. చివరికి, "నువ్వే నాతో పైకి రా, నీ చెవులతో విను" అన్నాడు డాక్టరు. అన్నయ్యకు విమానాల రేడియోలంటే ప్రాణం, విమానమంటే వాంతి. మా అమలాపురంలో ఎర్రబస్సెక్కినా రావులపాలెం దాటకుండా కిటికీలోంచి తల బయటపెట్టే మనిషి. ఒక ప్లాస్టిక్ సంచీ జేబులో పెట్టుకుని ఎక్కాడు. దిగాక ఆ సంచీ డాక్టరుకు కనపడకుండా పారేసి, విమానం కడుపు కింద దూరి, ఏరియల్ తీగ అతుకు తుప్పు పట్టి ఉండడం చూశాడు. వర్క్‌షాపు ఉన్న సబ్హాన్, విమానాశ్రయానికి మరీ దగ్గర. అంత దగ్గర్లో తుప్పు పట్టిన ఏరియల్‌కీ వినపడుతుంది, అసలు ఏరియల్ లేకపోయినా వినపడుతుంది. దూరం పోతేనే లోపం బయటపడుతుంది. ఆ రోజు ఇంటికొచ్చి ఏమీ తినకుండానే ఇదంతా మాకు రెండుసార్లు చెప్పాడు.

ఆయన పద్ధతి ఒక్కటే. ముందు మన సెట్టును అనుమానించాలి. మన బ్యాటరీ, మన తీగ, మన చెవి, ఇవన్నీ అయ్యాకే స్టేషను సంగతి. స్టేషను చెడిందని మొదటే అనేవాడు మెకానిక్కు కాడు, బద్ధకస్తుడు అనేవాడు. రెండోది, ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు. ఈ రెండు సూత్రాలూ వర్క్‌షాపులో వదిలి రాకుండా ఇంటికి తెచ్చేవాడు. పప్పుచారు చప్పగా ఉందంటే వదిన ఉప్పూ కారం కలిపి వేయబోయేది. "ఆగాగు. ముందు ఉప్పు. రుచి చూడు. అప్పుడు కారం." "ఈలోగా చారు చల్లారిపోద్దండి." "చల్లారితే మూడో మార్పు అవుద్ది, అందుకే త్వరగా చూడు." నేను అప్పుడు అహ్మదిలో ఒక కాంట్రాక్టరు ఆఫీసులో టైపిస్టును. కంపెనీ బస్సు తప్పిపోయిందని ఏడుపు మొహంతో వెనక్కి వస్తే, "బస్సు ముందొచ్చిందా, నువ్వు వెనకొచ్చావా? ముందు నీ వాచీ చూపించు" అని నా చెయ్యి పట్టుకుని చూసేవాడు. వాచీ ఎప్పుడూ ఆలస్యంగానే నడిచేది. అందువల్ల ఆ సూత్రం మీద నాకు కోపం ఉండేది గానీ, అనుమానం ఉండేది కాదు.

ఆ గురువారం ఆయన అనుమానానికి మరో కారణం కూడా ఉంది. ముందు రోజు సాయంత్రం వదిన దండెం మీద బట్టలు తీస్తూంటే, దండెం మేకుకు తగిలించిన రేడియో జారి బాల్కనీ గచ్చు మీద పడింది. అప్పుడు మోగించి చూడలేదు. పొద్దున హోరు వినగానే అన్నయ్య వంటింటి వైపు ఒక చూపు చూశాడు. వదిన ఆ చూపుకు వెనక్కి తిరగకుండానే, "బొక్కబోర్లా పడింది నేను కాదు, అది" అంది. ఆయన పీట వేసుకుని కూర్చుని వెనక మూత విప్పాడు. బ్యాటరీలు తీసి తుడిచి పెట్టాడు. హోరు. ఏరియల్ మొదలు నొక్కి పట్టుకున్నాడు. హోరు. మీట అటూ ఇటూ తిప్పాడు. మామూలుగా ఆ వేళకు ఒకదాని వెనక ఒకటి మాట్లాడే విమానాలు కూడా లేవు. అది చూసి, "అన్ని చోట్లా లేదంటే లోపల తరంగాన్ని పట్టే ముందు భాగం పోయింది" అని తేల్చాడు. అన్ని చోట్లా లేదంటే అసలు ఆకాశంలోనే ఎవరూ లేరేమో అని ఆయనకు తోచలేదు. సూత్రం ప్రకారం అది ఆఖరి ప్రశ్న.

అప్పుడే ఓబులేసు మెట్లన్నీ పరుగున ఎక్కి వచ్చాడు. రాయచోటి వైపు మనిషి. పక్క వీధిలో ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు, కింది అంతస్తు గదిలో నలుగురితో కలిసి ఉండేవాడు. అన్నయ్యను అన్నా అనీ, వదినను వదినా అనీ పిలిచేవాడు.

"అన్నా, ఇరాకోళ్ళు వచ్చినారు! రోడ్డు నిండా ట్యాంకులే!"

"ఉండవయ్యా, స్క్రూ కింద పడుద్ది" అన్నాడు అన్నయ్య తలెత్తకుండా.

"స్క్రూ ఏంది అన్నా! మా కఫీలు సేటు, ఇంటామె మామా, పిల్లోళ్ళు అంతా సౌదీ దిక్కు పోయినారు. ఇంటి బీగాలు నా చేతికిచ్చి పోయినారు. దేశం ఖలాస్ అంటాండా నేను."

అన్నయ్య స్క్రూ బిగించి, రేడియో మూత పెట్టి, అప్పుడు తలెత్తి, "విమానాశ్రయం కూడానా?" అని అడిగాడు.

"ఆడికే ముందు పోయినారంట."

అన్నయ్య రేడియో వంక చూశాడు. ఎవరో తనను అన్యాయంగా గెలిచినట్టు చూశాడు.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో చాలామంది చెప్పారు, రాశారు. రొట్టెల కొట్టు ముందు వరసలు, మంచినీళ్ళ బిందెలు, ఎవరి ఫోనూ కలవకపోవడం. మా ఇంట్లో ఆ రోజులు రెండు మాటల చుట్టూ తిరిగాయి. వదినకు ఏడో నెల. మొదటి కాన్పు. అంతకు ముందు ఒకసారి నిలవలేదు. ఈసారి కుదుపుల ప్రయాణం వద్దని డాక్టరమ్మ ముందే చెప్పింది. మనవాళ్ళు బస్సులు మాట్లాడుకుని బస్రా మీదుగా, బాగ్దాద్ మీదుగా, ఎడారి దాటి జోర్డానులో అమ్మాన్‌కు పోతున్నారు. అక్కణ్ణుంచి బొంబాయికి విమానాలు ఉన్నాయట. అంటే వదిన ఆ పొట్టతో ఆగస్టు ఎండలో రోజుల తరబడి బస్సులో కూర్చోవాలి. ఇంకోవైపు, విదేశీయుల్ని పంపించడానికి ఇక్కడి విమానాశ్రయమే మళ్ళీ తెరుస్తారని ఒక మాట పుట్టింది. అది నిజమైతే ఇంటి నుంచి పావుగంటలో విమానం. ఏది నిజమో తెలిసే దారి ఒక్కటే ఉందని అన్నయ్య నమ్మకం. "వాతావరణం చెప్పకుండా ఏ విమానమూ దిగదు. తెరిచేముందు రోజైనా అది పెట్టి తీరాలి. అది వినపడితే ఆగుదాం." కాబట్టి రోజంతా ఆ రేడియో ముందు ఎవరో ఒకరం కూర్చున్నాం. హోరు వింటూ బియ్యంలో రాళ్ళు ఏరాం. ఇంట్లో ఉన్న రెండు పాత వారపత్రికలూ నేను ఆపకుండా చదివి, సీరియల్‌లో కథానాయిక ఎప్పుడు కన్నీళ్ళు తుడుచుకుంటుందో చూడకుండా చెప్పగలిగే స్థితికి వచ్చాను.

చిక్కంతా ఎక్కడంటే, ఆ హోరుకు రెండు అర్థాలున్నాయి. విమానాశ్రయం నోరు మూసుకుని ఉండవచ్చు. లేదా వాళ్ళు చెబుతూనే ఉన్నా, వదిన పడేసిన సెట్టుకు వినపడకపోవచ్చు. ఇంకో సెట్టు తెద్దామంటే సబ్హాన్ దారి మూసేశారు, వర్క్‌షాపు తలుపులు కూడా ఊడదీశారని విన్నాం. అన్నయ్య రోజుకొకసారి మూత విప్పేవాడు. రోజుకొకటి మార్చేవాడు. వదిన తన పొట్ట మీద చెయ్యి వేసుకుని పక్కన కూర్చుని చూసేది. చెడినా తన వల్లే, చెడకపోయినా ఎడారి తప్పదు. పాపం, ఆమెకు ఏది కోరుకోవాలో తెలిసేది కాదు.

ఒకరోజు మధ్యాహ్నం ఓబులేసు వచ్చి, మర్నాడు పొద్దున తెలుగువాళ్ళ బస్సొకటి బయల్దేరుతోందని చెప్పాడు. "నాది గాక మీకు మూడు సీట్లు పట్టినా అన్నా. మాపటికి అవునో కాదో చెప్పాల. ఇదైనాంక ఇంగో బస్సు వస్తాదో రాదో ఎవుడికీ తెల్దు."

అన్నయ్య రేడియో వైపు చెయ్యి చాచాడు. వదిన ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏవండీ, డాక్టరుగారి విమానం రేడియోకి అన్ని పరీక్షలు చేశారు కదా. దీనికి ఒక్క పరీక్ష లేదా? బాగుందో లేదో తేలేది?"

అన్నయ్య రేడియో మూత స్క్రూ వేలితో తడిమాడు. "ఉంది" అన్నాడు. "నీ ట్రాన్సిస్టరు కావాలి."

వదిన వంటింటి ట్రాన్సిస్టరు మొదటి రోజు నుంచీ కింద ఓబులేసు గదిలో ఉంది. వార్తల కోసం బిల్డింగంతా అక్కడే చేరేది. ఓబులేసు తల గోక్కున్నాడు. "వార్తలొచ్చే యాళ అన్నా. ఇప్పుడు ఎత్తుకొస్తే మావోళ్ళు నన్ను తరుముతారు."

"అయిదు నిమిషాలయ్యా."

"యల్లా, తెస్తా. నన్ను కొడితే వదిన కాపాడాల."

అన్నయ్య చెప్పిన పరీక్ష ఇది. ఆ ట్రాన్సిస్టరు లాంటి ఎఫ్.ఎం. రేడియో దేనికదే లోపల ఒక సన్నని తరంగం పుట్టించుకుంటుంది, స్టేషనును పట్టుకోవడానికి. అందులో కొంచెం బయటికి కారుతుంది. డయలు ముల్లు కుడి చివరి వైపు తీసుకుపోతే ఆ కారేది సరిగ్గా విమానాల రేడియో వినే చోట పడుతుంది. అక్కడ ఎవరి మాటా ఉండదు, కానీ ఏదో ఉందని సెట్టు గ్రహిస్తే హోరు ఆగిపోతుంది. ఆగితే సెట్టు వింటున్నట్టు. ఆగకపోతే చెవుడు. రెండు రేడియోలూ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. ట్రాన్సిస్టరు డయలు తిప్పే పని వదినకిచ్చాడు.

"మెల్లగా. పాలల్లో తోడు కలిపినట్టు."

"తోడు అంత మెల్లగా కలపరండి. వంట సంగతి మీకెందుకు?"

ముల్లు కదిలింది. హోరు. ఓబులేసు వంగి చూస్తున్నాడు. నేను గోడకు ఆనుకున్నాను. ముల్లు ఇంకొంచెం జరిగింది. హోరు ఎవరో నోరు మూసినట్టు టక్కున ఆగింది. వదిన ముల్లు వెనక్కి జరిపింది, హోరు వచ్చింది. ముందుకు జరిపింది, ఆగింది. మళ్ళీ జరిపింది.

"చూశారా!" అంది వదిన. మొహం వెలిగిపోయింది. "నేను పడేసినా చెడలేదు! ఇన్ని రోజులూ నా వంక ఒకటే చూపులు! ఓబులేసూ, చూశావా, నువ్వే సాక్షి..." అంటూ అక్కడ ఆగింది. చెయ్యి డయలు మీదే ఉండిపోయింది.

"అంటే ఏంది?" అన్నాడు ఓబులేసు.

"సెట్టు బాగానే ఉంది" అన్నాడు అన్నయ్య.

ఆ మాట ఆయన కొన్ని వందలసార్లు అని ఉంటాడు, అన్నప్పుడల్లా గెలిచినట్టే అనేవాడు. ఆ రోజు మాత్రం పాడై ఉండాలని మనసారా కోరుకున్న సెట్టు గురించి అన్నాడు. ఆ పరీక్ష ఆయనకు మొదటి రోజే తోచి ఉంటుందని నాకు తర్వాత అనిపించింది. సెట్టు మీద అనుమానం ఉన్నన్నాళ్ళూ విమానాశ్రయం మీద ఆశ ఉంటుంది. ఎందుకు ఆలస్యం చేశావని నేను ఎప్పుడూ అడగలేదు.

"అయితే మూడు సీట్లు కాయం చేసేదా?" అన్నాడు ఓబులేసు, ఈసారి మెల్లగా.

అన్నయ్య వదిన వైపు చూశాడు. ఆమె ట్రాన్సిస్టరు ఆపి, ఏరియల్ లోపలికి నెట్టి, ఓబులేసు చేతిలో పెట్టింది. "చేసెయ్యి. ఒకటి కిటికీ పక్కది చూడు."

"నీకు గాలి ఆడాలని కదా వదినా."

"నాకు కాదు, మీ అన్నకి. వాంతులు."

ఆ సాయంత్రం మూటలు కట్టుకున్నాం. దారిలో సైనికులు సోదా చేస్తారని, విమానాల మాటలు వినే రేడియో దొరికితే గూఢచారులంటారని అందరూ భయపెట్టారు. వదిలేద్దాం అన్నాను. వదిన రేడియోను ఒక సంచీలో చుట్టి, ఎండు రొయ్యల డబ్బాలో అడుగున పెట్టి, పైన రొయ్యలు పోసింది. "స్పీకరుకు వాసన పట్టేస్తుందే" అని అన్నయ్య గిలగిల్లాడాడు. "పడితే పట్టింది. మీ చొక్కాలకు పట్టలేదా?" బస్రా దాటాక ఒక కుర్ర సైనికుడు డబ్బా మూత తీసి, లోపలికి తొంగి చూసి, గబుక్కున మూసి, వదినను జాలిగా చూసి బస్సు దిగిపోయాడు. గర్భిణి ఏం తిని బతుకుతోందో అనుకుని ఉంటాడు.

బస్సు ప్రయాణం గురించి హాస్యంగా రాయలేను. వదిన రెండు సీట్ల మధ్య దుప్పట్లు పరుచుకుని పడుకుంది. గొయ్యి వచ్చినప్పుడల్లా డ్రైవరు ముందే అరిచేవాడు, అన్నయ్య ఆమె నడుం కింద చేతులు పెట్టేవాడు. సరిహద్దు దగ్గర ఒక రోజంతా కడుపులో కదలిక లేదంది. సాయంత్రానికి, "తన్నింది" అని తనే చెప్పింది.

జోర్డానులోకి వచ్చి అమ్మాన్ దగ్గరపడుతుండగా అన్నయ్య డబ్బాలోంచి రేడియో తీశాడు. రొయ్యలు దులిపి, కిటికీలోంచి ఏరియల్ బయటపెట్టాడు. హోరు. మీట తిప్పాడు. హోరు. ఇంకొంచెం తిప్పగానే ఒక మనిషి గొంతు వచ్చింది. ఎవరో తెలీని ఒక కుర్రవాడు, ఇంగ్లీషులో, ఏ తొందరా లేకుండా, వాతావరణం చదువుతున్నాడు. బస్సులో మాటలు ఆగాయి. అన్నయ్య లేచి నిలబడి తెలుగులో చెప్పాడు.

"గాలి పడమర నుంచి. నెమ్మది. మబ్బుల్లేవు. పది కిలోమీటర్లు, అంతకు మించి కూడా కనపడుతోంది."

"ఇంగోసారి చెప్పన్నా, ఎనకోళ్ళకు ఇనపళ్ళా!" అని ఓబులేసు ముందు నుంచి అరిచాడు.

అన్నయ్య మళ్ళీ చెప్పాడు. వఫ్రా తోటల్లో గొర్రెలు కాసిన ఒక పెద్దాయన, "వాన పడతాదా సార్?" అని అడిగాడు. పడదన్నాడు అన్నయ్య. చప్పట్లు కొట్టారు. వాన పడదంటే రాయలసీమవాళ్ళు చప్పట్లు కొట్టడం నేను అదొక్కసారే చూశాను. వదిన పడుకున్న చోటు నుంచే, "వేడి ఎంతో చెప్పలేదేం?" అంది. ఆయన మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుని విని, ఆమె ఒక్కదానికే వంగి చెప్పాడు.

పిల్ల నెలలు నిండాకే అమలాపురంలో పుట్టింది. అన్నయ్య మళ్ళీ కువైట్ వెళ్ళలేదు. ఊళ్ళో టీవీల కొట్టు పెట్టుకున్నాడు. కొన్నేళ్ళకు టీవీలు బాగుచేయించుకునేవాళ్ళు తగ్గిపోయారు. చెడితే కొత్తది కొంటారు, లోపం ఎక్కడుందో ఎవరికీ అక్కర్లేదు. చిన్న విమానాల్లో కూడా ఇప్పుడు వాతావరణం తెర మీద అక్షరాల్లో కనపడుతుందట. చెవి ఒగ్గాల్సిన పని తగ్గింది. అది మంచిదే అయి ఉంటుంది. అప్పటి కష్టం గొప్పదని నేను అనను. ఆ హోరు ముందు కూర్చున్న మధ్యాహ్నాలు తిరిగి రావాలని ఎవరూ కోరుకోరు. ఒక్కటి మాత్రం చెప్పాలి. అవతలి నుంచి జవాబు రానప్పుడు ముందు నన్ను నేనే చూసుకోవడం ఆయన దగ్గర నాకు పట్టుబడిన అలవాటు. అది కొంత మర్యాద, కొంత ఆశ కూడా.

చాలా ఏళ్ళుగా నేను విశాఖపట్నంలో ఉంటున్నాను. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అన్నయ్యకు ఫోను చేసేదాన్ని. మోగి మోగి ఆగిపోతే, నా ఫోనులో సిగ్నలు లేదేమో అనుకుని వరండాలోకి వెళ్ళి చేసేదాన్ని. అప్పటికీ ఎత్తకపోతే నంబరు సరిచూసుకునేదాన్ని. మూడోసారికి ఎత్తి, "నిద్రపట్టింది చిట్టీ, నీ ఫోను బాగానే ఉంది" అనేవాడు. ఇప్పుడు ఆదివారాలు ఫోను చెయ్యడం లేదు.